ప్యానెల్ మీద మ్యూజియం: ఒక్క పీరియడ్‌లో పిల్లలకు నిజంగా అందేది ఏమిటి, ఎలా అందించాలి

నమస్తే మేడం. మీరు అడిగింది ఇదీ: జిల్లా పరిషత్ హైస్కూల్లో 8, 9 తరగతులకు సోషల్ చెబుతున్నారు. గదిలో 75 అంగుళాల ఐఎఫ్‌పీ ప్యానెల్ (వేలితో తాకి నడిపే పెద్ద తెర) ఉంది. నెట్ ఒకరోజు వస్తే రెండు రోజులు రాదు. పిల్లల్ని బస్సెక్కించి మ్యూజియానికి తీసుకెళ్లే నిధుల్లేవు. వర్చువల్ టూర్ పెడితే పది నిమిషాలకే క్లాసు గోలగోల అయింది. ఇలాంటి వాటివల్ల చదువుకు నిజంగా ఉపయోగం ఉందా, ఉంటే ఎలా నడపాలి?

ఉపయోగం తప్పకుండా ఉంది. అయితే అది టూర్‌లో లేదు. ఒక్కో వస్తువుకు మ్యూజియం వాళ్లు పెట్టే వివరాల పేజీలో ఉంది. చాలామంది టీచర్లు గ్యాలరీలో నడిచినట్టుండే 360 డిగ్రీల టూర్‌తో మొదలుపెట్టి, అది తేలిపోయాక మొత్తం ఆలోచననే పక్కన పెట్టేస్తారు.

టూర్ ఎందుకు తేలిపోతుందో చిన్న లెక్కతో తెలుస్తుంది. 8,000 పిక్సెళ్ల వెడల్పున్న పనోరమా అనుకుందాం. ఆ పిక్సెళ్లన్నీ చుట్టూ 360 డిగ్రీలకు పంచుకోవాలి. గోడ మీద ఒక చిత్రం అందులో 20 డిగ్రీల మేర కనిపిస్తుంటే దాని వాటాకు వచ్చేది 440 పిక్సెళ్లే. అదే చిత్రానికి విడిగా తీసిన ఫొటో 4,000 పిక్సెళ్లుంటే, తొమ్మిది రెట్లు ఎక్కువ వివరం. టూర్‌లో లేబుల్ చదవబోతే అక్షరాలు అలికేసినట్టుంటాయి. పైగా తెరను తిప్పే పని టీచర్ చేతిలోనే ఉంటుంది. "అటు తిప్పండి సార్, ఇటు తిప్పండి మేడం" అనడం తప్ప పిల్లలకు పనేమీ ఉండదు. ఆ కదలికకు కొందరికి తల తిరుగుతుంది కూడా. నిజంగా మ్యూజియానికి వెళ్లబోయే ముందు ఏ గది ఎక్కడుందో తెలుసుకోవడానికి టూర్ పనికొస్తుంది, అంతే. రెండు నిమిషాలకు మించి పెట్టకండి.

చూడటం అనేది అసలు మ్యూజియంలోనే అరుదు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో సందర్శకులు ఒక్కో చిత్రం ముందు ఎంతసేపు నిలబడుతున్నారో పరిశోధకులు గడియారం పట్టి చూసి 2001లో ప్రచురించారు. సగటు 27 సెకన్లు. సగం మంది ఆగింది 17 సెకన్లో, అంతకన్నా తక్కువో. మీ గదిలో 40 మంది పిల్లలు ఒకే శిల్పాన్ని అరగంట చూడగలిగితే, అక్కడికి టిక్కెట్టు కొనుక్కుని వెళ్లినవాళ్లలో చాలామందికన్నా ఎక్కువ చూసినట్టే. అందుకే నా సలహా గట్టిగా ఇదే: ఒక పీరియడ్‌కు ఒక్క వస్తువు. మరీ కాదంటే రెండు.

డిజిటల్ వనరులు అసలు సందర్శనకు సాటిరాని విషయాలు కొన్నున్నాయి, వాటి గురించి కింద చెబుతాను. కానీ అసలు సందర్శనలో దొరకనివి రెండిక్కడ దొరుకుతాయి. ఒకటి, అద్దాల పెట్టె, తాడు, గార్డు అడ్డు లేకుండా వస్తువుకు ఎంత దగ్గరికైనా వెళ్లడం. రెండోది మన పిల్లలకు మరీ ముఖ్యం: చెల్లాచెదురైపోయిన వస్తువులను ఒకచోట పెట్టుకుని చూడటం. అమరావతి శిల్పాలనే తీసుకోండి. కొన్ని లండన్ బ్రిటిష్ మ్యూజియంలో, చాలా భాగం చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో, మిగిలినవి అమరావతిలోనే ఉన్న పురావస్తు మ్యూజియంలో, ఇంకా కొన్ని ఢిల్లీ, కోల్‌కతా, పారిస్‌లలో ఉన్నాయి. ఏ బస్సూ ఒక్క ట్రిప్పులో వీటన్నిటినీ చూపించలేదు. మీ ప్యానెల్ చూపించగలదు.

కాబట్టి మొదటి పాఠంగా అమరావతినే తీసుకోమంటాను. ఒక్క రాయితో పాఠం మొత్తం ఎలా నడపొచ్చో చెబుతాను, తర్వాత మీరు ఏ వస్తువుకైనా ఇదే పద్ధతి పెట్టుకోవచ్చు.

బ్రిటిష్ మ్యూజియం సంగ్రహాల వెబ్‌సైట్‌లో నమోదు సంఖ్య 1880,0709.79 అని వెతకండి. స్తూపం అండం (గుమ్మటం) కింద ఉండే గుండ్రటి పీఠానికి తాపడం చేసిన పలక ఇది. పల్నాడు సున్నపురాయి. ఎత్తు సుమారు 124 సెంటీమీటర్లు, వెడల్పు సుమారు 86. దీని గొప్పతనమేమిటంటే రెండు వైపులా చెక్కడం ఉంది, రెండూ ఒకే కాలానివి కావు. ఒక వైపు బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, చుట్టూ నమస్కరిస్తున్న జనం. అది క్రీస్తుపూర్వం 1వ శతాబ్దపు పని. మూడు నాలుగు వందల ఏళ్ల తర్వాత, క్రీస్తుశకం 3వ శతాబ్దంలో, అదే రాయిని తిప్పి రెండో వైపు ఏకంగా మహాస్తూపాన్నే చెక్కారు. ఈ రోజు అమరావతిలో మిగిలింది మట్టిదిబ్బ, దాని చుట్టూ కొన్ని రాళ్లు. ఒకప్పుడు స్తూపం ఎలా ఉండేదో చెప్పే మంచి సాక్ష్యాల్లో ఈ పలక ఒకటి.

పాఠానికి ముందురోజు ఇంట్లో చేసుకోవాల్సిన పని అరగంట నుంచి గంట. వస్తువు పేజీలో చిత్రాన్ని వాడుకోవడానికి ఇచ్చిన మీట నొక్కి, వాణిజ్యేతర వాడకం ఎంచుకుని, రెండు వైపుల ఫొటోలూ దింపుకోండి. ఫోన్‌లోనే క్రాప్ చేసి ముక్కలు తయారుచేయండి. స్తూపం వైపు నుంచి నాలుగు: ద్వారం మీది సింహాలు, ద్వారం వెనక వరసగా నిలబడ్డ ఐదు ఆయక స్తంభాలు, అండం మీది చెక్కడం, పైన గాల్లో తేలుతున్న దేవతలు. చెట్టు వైపు నుంచి రెండు: ఖాళీ ఆసనం, నమస్కరిస్తున్నవాళ్ల చేతులు, ముఖాలు. ఫైళ్లకు 01, 02, 03 అని వరస నంబర్లు ఇవ్వండి, లేకపోతే ప్యానెల్‌లో అక్షరక్రమంలో పడి కలగాపులగం అవుతాయి. అన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. ఇంతా కలిపి 20, 30 ఎంబీ దాటదు. రోజుకు 1.5 జీబీ ప్లాన్‌లో ఇదొక లెక్క కాదు. తరగతి గదిలో నెట్‌తో పని పెట్టుకోవద్దు.

ఇక పీరియడ్. ప్యానెల్ పక్క గోడ మీద సుద్దముక్కతో 124 × 86 సెంటీమీటర్ల దీర్ఘచతురస్రం గీయించండి. ఇద్దరు పిల్లలకు టేపు ఇస్తే రెండు నిమిషాల పని. 75 అంగుళాల ప్యానెల్ ఎత్తు సుమారు 93 సెంటీమీటర్లే కాబట్టి పలక మొత్తం కనిపించేలా పెడితే అసలు సైజులో మూడొంతులే ఉంటుంది. గోడ మీది గీత చూస్తేనే ఆ రాయి తమ భుజాల దాకా వస్తుందని పిల్లలకు తెలుస్తుంది. తెర మీద చూసే ప్రతిదానికీ పోయే మొదటి గుణం పరిమాణం. ఉంగరమూ గోపురమూ తెర మీద ఒకే సైజులో ఉంటాయి. ఈ రెండు నిమిషాలు ఎప్పుడూ మానొద్దు.

తర్వాత స్తూపం వైపు మొత్తం చిత్రం పెట్టి మూడు నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా చూడమనండి. మూడు నిమిషాలు చాలా పొడుగ్గా అనిపిస్తుంది, నలభై సెకన్లకే కదులుతారు. ఏదో ఒకటి లెక్కపెట్టమంటే కుదురుకుంటారు: "ఎన్ని జంతువులున్నాయో చూడండి, చెప్పొద్దు, పుస్తకంలో రాసుకోండి."

ఆ తర్వాత మూడు ప్రశ్నలు, ఈ వరసలోనే. ఇందులో ఏం జరుగుతోంది? ఏం చూసి అలా అంటున్నావు? ఇంకా ఏం కనిపిస్తోంది? ఇవి న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో విద్యావిభాగం చూసిన ఫిలిప్ యెనవైన్, మనస్తత్వవేత్త అబిగైల్ హౌజెన్ కలిసి రూపొందించిన పద్ధతిలోవి. చాలా మ్యూజియాలు తమ వర్చువల్ తరగతుల్లో ఇప్పటికీ వాటినే వాడతాయి. వీటిలో రెండోదే ప్రాణం. "గుడి" అని ఒకడంటాడు. తప్పు అనకండి. "ఏం చూసి గుడి అంటున్నావు?" అనండి. "మనుషులు దణ్ణం పెడుతున్నారు కదా" అంటాడు. అక్కడ వేలు పెట్టి చూపించి, వాడి మాటనే కాస్త స్పష్టంగా తిరిగి చెప్పండి. ఇంకొకమ్మాయి "గుడైతే లోపలికి వెళ్లే గది ఉండాలి కదా" అంటుంది. ఇక వాళ్లే వాదించుకుంటారు. మీరు "భేష్" అన్నా, "కాదు" అన్నా మిగతావాళ్లు చూడటం ఆపేసి మీ ముఖంలో జవాబు వెతకడం మొదలుపెడతారు. పది పన్నెండు నిమిషాలు ఇలా నడిపించండి. అండం, ఛత్రం, ప్రాకారం, ఆయక స్తంభం అన్న పేర్లు ఈ దశలో చెప్పొద్దు. "ఆ ఐదు కర్రల్లాంటివి ఏమిటి మేడం?" అని అడిగాక చెప్పిన పేరు గుర్తుంటుంది. ముందే బోర్డు మీద రాస్తే పరీక్షకు కంఠస్థం చేసే పదాల్లో ఇంకొకటి చేరుతుంది, అంతే.

అప్పుడు క్రాప్ చేసిన ముక్కలు ఒక్కొక్కటిగా, ఒక్కోదానికి నిమిషంన్నర. ముక్క చూపించి, "ఇది పెద్ద బొమ్మలో ఎక్కడుందో వచ్చి చూపించు" అనండి. ఐఎఫ్‌పీ మీద పిల్లలు స్వయంగా వేలు పెట్టొచ్చు కాబట్టి ఇది బాగా పండుతుంది.

తర్వాత రాయిని తిప్పండి, అంటే చెట్టు వైపు ఫొటో పెట్టండి. ఇది అదే రాయి అని చెప్పకండి. "వీళ్లు ఎవరికి మొక్కుతున్నారు?" అని మాత్రం అడగండి. ఆసనం ఖాళీగా ఉంది, పైన చెట్టుంది. మనిషి లేడు. అమరావతి తొలి దశ శిల్పంలో బుద్ధుడిని మనిషి రూపంలో చూపకుండా చెట్టు, ఆసనం, పాదముద్రలు, చక్రం వంటి గుర్తులతో చూపడం గురించి పాఠ్యపుస్తకంలో ఒక్క వాక్యం ఉంటే ఉంటుంది. ఇక్కడ పిల్లలు ఆ ఖాళీని తమ కళ్లతో పట్టుకుంటారు. చివర్లో రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి, ఒకే రాయికి రెండు వైపులని చెప్పి, "ఏది ముందు చెక్కి ఉంటారు? ఏం చూసి?" అని అడిగి వదిలేయండి. మిగిలిన ఐదు నిమిషాలు వస్తువు పేజీలోని వివరాలకు.

ఆ వివరాల పేజీని చాలామంది దాటేస్తారు. చరిత్ర టీచరుకు అసలు నిధి అదే. దొరికిన చోటు, రాయి రకం, కొలతలు, మ్యూజియం చేతికి ఎలా వచ్చింది అన్నీ అందులో ఉంటాయి. నమోదు సంఖ్యలో మొదటి నాలుగంకెలు 1880. అంటే ఆ ఏడాది మ్యూజియంలో చేరింది. అక్కడి నుంచి వెనక్కి వెళ్లండి. 1790ల చివర్లో అమరావతి జమీందారు రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి మనుషులు కట్టడాలకు రాళ్ల కోసం దిబ్బ తవ్వారు. ఆ సంగతి తెలిసి ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కొలిన్ మెకంజీ వచ్చి చూశాడు. 1816లో మళ్లీ వచ్చి, మనుషుల్ని పెట్టి శిల్పాలకు కొలతలతో బొమ్మలు గీయించాడు. 1845లో మద్రాసులోని కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి రాళ్లను మద్రాసు తరలించాడు. 1859లో అవి ఓడెక్కి లండన్ వెళ్లాయి. అక్కడి ఇండియా మ్యూజియం మూతపడ్డాక 1880లో బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. గోడమీది పటంలో అమరావతి, మద్రాసు, లండన్‌లను దారంతో కలిపించండి. "అవి తిరిగి రావాలా?" అని పిల్లలు తప్పకుండా అడుగుతారు. అది మంచి ప్రశ్న, మరో పీరియడ్ దానికే ఇవ్వండి.

ఇంటిపనికి: పలకలో తమకు నచ్చిన వైపును 1:5 కొలతలో గీయమనండి. 24.8 × 17.2 సెంటీమీటర్లు వస్తుంది, ఏ4 కాగితంలో చక్కగా పడుతుంది. కింద నాలుగు వాక్యాల లేబుల్ తెలుగులో వాళ్లే రాయాలి: ఏమిటి, దేనితో చేశారు, ఎంత పెద్దది, చూసినవాళ్లు మొదట గమనించాల్సింది ఏది. మ్యూజియం ఇంగ్లీషు వివరణను ఫోన్‌లో అనువదించి అంటించడం మాత్రం వద్దు. శిల్పకళ మాటలు అందులో వేరే అర్థాలతో వచ్చి పిల్లల్ని అయోమయంలో పడేస్తాయి.

ఇదే మెకంజీ బొమ్మలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. ఒక బొమ్మను, అదే శిల్పం ఈనాటి ఫొటోను పక్కపక్కన పెట్టి "ఏం విరిగిపోయింది, ఏం మాయమైంది" అని వెతికించడం అద్భుతమైన పాఠం. కానీ 2023 అక్టోబరులో ఆ లైబ్రరీ మీద సైబర్ దాడి జరిగి డిజిటల్ సేవలు నెలల తరబడి ఆగిపోయాయి. కాబట్టి దేన్నీ లింకుగా దాచుకోకండి, ఫైలుగా దాచుకోండి. ఫైలు పక్కనే మ్యూజియం పేరు, నమోదు సంఖ్య, దింపుకున్న తేదీ రాసిపెట్టుకోండి. వెబ్‌సైట్ మార్చినప్పుడల్లా పేజీల చిరునామాలు చచ్చిపోతాయి, నమోదు సంఖ్య మాత్రం మారదు. దానితో ఎప్పుడైనా మళ్లీ వెతికి పట్టుకోవచ్చు.

ఇక మిగతా చోట్ల ఏం దొరుకుతుందో చూద్దాం. మెట్రోపాలిటన్ మ్యూజియం (మెట్) 2017 ఫిబ్రవరిలో మూడున్నర లక్షలకు పైగా చిత్రాలను ఏ షరతులూ లేకుండా వదిలేసింది. వెతికేటప్పుడు ఓపెన్ యాక్సెస్ అన్న గడిలో టిక్కు పెడితే దింపుకోగలిగినవే వస్తాయి. చాలావాటికి పొడుగు వైపు 3,000 నుంచి 4,000 పిక్సెళ్లుంటాయి. షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ 2018లో, క్లీవ్‌లాండ్ మ్యూజియం 2019లో, స్మిత్సోనియన్ సంస్థ 2020లో ఇదే దారి పట్టాయి. క్లీవ్‌లాండ్‌లో దింపుకునేటప్పుడు టిఫ్ ఫైలు జోలికి వెళ్లకండి, వంద ఎంబీ దాటేవి ఉంటాయి. ప్రింటుకని ఇచ్చే జేపెగ్ మనకు ఎక్కువే. షికాగో చిత్రాన్ని విడిగా తెరిస్తే చిరునామాలో "ఫుల్" అన్న మాట తర్వాత 843 అన్న అంకె కనిపిస్తుంది. అది వెడల్పు. దాన్ని 400 చేస్తే చిన్న ఫైలు వస్తుంది. నెట్ నీరసంగా ఉన్నప్పుడు ఏ వస్తువు కావాలో ఏరుకోవడానికి అది చాలు.

మన వస్తువులు వెతకడానికి పాత పేర్లు కావాలి. మచిలీపట్నం అని కొడితే ఒకటో రెండో వస్తాయి. మసూలిపటం, కోరమాండల్ కోస్ట్, గోల్కొండ, డెక్కన్, చింట్జ్ (అద్దకం గుడ్డ), పాలంపోర్ (పెద్ద అద్దకం దుప్పటి) అని ఇంగ్లీషులో కొట్టి చూడండి, మన కలంకారీలు బయటపడతాయి. మెట్‌లో 1640–50 నాటి పెద్ద కలంకారీ తెర ఉంది. భవనాల కమానుల కింద రకరకాల వేషాల్లో మనుషులుంటారు. దాని వివరాల్లో తయారీ గురించి ఒకే ఒక్క పంక్తి ఉంటుంది: నూలు గుడ్డ మీద రంగు పట్టే మందు రాసి అద్దకం వేశారు, కొన్నిచోట్ల మైనంలాంటి అడ్డుతో రంగు అంటకుండా ఆపారు అని. ఆ ఒక్క పంక్తిని పెడనలోనో శ్రీకాళహస్తిలోనో పనిచేసేవాళ్లు చెప్పగలిగినంతగా ఏ మ్యూజియమూ చెప్పలేదు. కరక్కాయ, పటిక, ఇనుపముక్కలు బెల్లంతో పులియబెట్టిన నల్ల నీళ్లు, అన్నీ మన ఊళ్లలోవే. పాత కలంకారీలను బాగా జూమ్ చేస్తే చాలాసార్లు నల్ల గీతలున్న చోటనే దారాలు తినేసినట్టు కనిపిస్తాయి. ఇనుముతో వేసిన నలుపు కాలం గడిచేకొద్దీ నూలును తినేస్తుంది. ఎర్రగా ఉన్నచోట, పటిక వేసిన చోట, అంత దెబ్బతినదు. "నలుపు దగ్గరే ఎందుకు చిరిగింది?" అని అడిగితే సైన్స్ మాస్టారిని కూడా క్లాసుకు పిలవొచ్చు.

ఎంత దగ్గరికి వెళ్లొచ్చో చూపించాలంటే ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియం పెట్టిన రెంబ్రాంట్ 'నైట్ వాచ్' చిత్రానికి మించింది లేదు. 2022 జనవరిలో 717 గిగాపిక్సెళ్ల ఫొటో బయటపెట్టారు. ఒక్కో పిక్సెల్ చిత్రం మీద 5 మైక్రోమీటర్లు, అంటే వెంట్రుక మందంలో పదో వంతుకన్నా తక్కువ. పసుపు కోటు వేసుకున్న లెఫ్టినెంట్ బట్టల మీద దూరానికి జరీ కుట్టుపనిలా మెరిసేది దగ్గరికెళ్తే ముద్దముద్దగా పెట్టిన రంగు అని తేలుతుంది. లెక్కల మాస్టారికీ ఇందులో పనుంది. చిత్రం 379.5 × 453.5 సెంటీమీటర్లు. ఒక్కో ఫొటోలో పట్టింది 5.5 × 4.1. భాగిస్తే సుమారు 7,630 రావాలి. కానీ వాళ్లు తీసింది 8,439. ఆ ఎనిమిది వందల తేడా ఎందుకో పిల్లల్ని కనిపెట్టమనండి. అతికించడానికి ఒకదాని అంచు మీద ఇంకొకటి పడేలా తీయాలి కదా. చిత్రం సైజును వరండాలోనో ప్రార్థన జరిగే చోటో ముగ్గుపిండితో నేల మీద గీయిస్తే ఇంకా బాగుంటుంది. దీనికి మాత్రం నెట్ తప్పదు. నెట్ ఉన్నరోజు ఫోన్‌లో జూమ్ చేస్తూ స్క్రీన్ రికార్డింగ్ తీసుకుని ఆ వీడియో చూపించండి. 3డి నమూనాలకూ ఇదే ఉపాయం. బ్రిటిష్ మ్యూజియం, స్మిత్సోనియన్ మంచి 3డి నమూనాలు పెట్టాయి గానీ, ప్యానెల్‌లోని చిన్న ప్రాసెసర్ మీద అవి తిరగక మొరాయిస్తాయి.

గూగుల్ ఆర్ట్స్ అండ్ కల్చర్ 2011లో 17 మ్యూజియాలతో మొదలై ఇప్పుడు చాలా పెద్దదైంది. మన సాలార్‌జంగ్ మ్యూజియం కూడా అందులో ఉంది. దాని జూమ్ బాగుంటుంది, కానీ చిత్రాలు దింపుకోనివ్వదు, నెట్ లేకపోతే తెల్లమొహం వేస్తుంది. అందులోని ఆర్ట్ ప్రొజెక్టర్ మాత్రం ప్రయత్నించండి. ఫోన్ కెమెరాలో మీ తరగతి గదిలోనే చిత్రాన్ని అసలు సైజులో నిలబెడుతుంది. కేంద్ర సంస్కృతి శాఖ నడిపే మ్యూజియమ్స్ ఆఫ్ ఇండియా పోర్టల్‌లో సాలార్‌జంగ్, నాగార్జునకొండ మ్యూజియాల వస్తువులున్నాయి. ఏ వస్తువు ఎక్కడుందో వెతకడానికి అది బాగా పనికొస్తుంది.

ఫొటోకు లొంగనివి కూడా ఉంటాయని పిల్లలకు నిజాయితీగా చెప్పాలి. సాలార్‌జంగ్‌లో ఇటలీ శిల్పి బెంజోనీ 1876లో చెక్కిన 'ముసుగు రెబెకా' ఉంది. పాలరాతి ముసుగులోంచి ముఖం కనిపిస్తున్నట్టుండే ఆ మాయ మనం పక్కకు కదులుతున్నప్పుడు, వెలుతురు మారుతున్నప్పుడు వస్తుంది. ఒక్క ఫొటోలో అది అందమైన తెల్ల బొమ్మ, అంతే. గంట గంటకూ చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే అక్కడి సంగీత గడియారానికి ఫొటో దండగ, వీడియో కావాలి. రంగుల సంగతీ అంతే. ప్యానెల్ మీద ఒక రంగు, మీ ఫోన్‌లో ఒక రంగు, ప్రింటులో ఇంకొకటి. కిటికీ వెలుతురు తెర మీద పడితే ముదురు రంగుల చిత్రాల్లో సగం కనిపించదు. తెరలు లేకపోతే చార్టులు అడ్డం పెట్టండి, ప్యానెల్ బ్రైట్‌నెస్ పెంచండి. రంగు గురించి చెప్పాల్సిన పాఠమైతే రెండు మ్యూజియాల ఫొటోలు పక్కపక్కన పెట్టి పోల్చకండి, ఆ తేడా కెమెరాదో వస్తువుదో చెప్పలేం.

ఎప్పుడైనా సాలార్‌జంగ్‌కు తీసుకెళ్లే వీలు కుదిరితే (శుక్రవారం సెలవు, గుర్తుంచుకోండి) ముందు వారం మూడు వస్తువులే తెర మీద చూపించి, ఒక్కో జట్టుకు ఒక్కోటి అప్పగించండి. అక్కడికెళ్లాక తమ వస్తువును వెతికి పట్టుకుని, ఫొటోలో కనిపించనిది ఒకటి రాసుకురావాలి. వచ్చాక మళ్లీ తెర మీద అదే ఫొటో. అసలు సందర్శన వల్ల పిల్లల ఆలోచనకు మేలు జరుగుతుందని అమెరికాలో క్రిస్టల్ బ్రిడ్జెస్ మ్యూజియం దగ్గర పది వేలకు పైగా విద్యార్థులతో చేసిన అధ్యయనం చూపించింది. అది నేరుగా వెళ్లిన పిల్లల మీద చేసింది. అదే ఫలితం తెర మీదా వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. అందుకే అవకాశం వస్తే తెరను సందర్శనకు ముందూ వెనకా వాడండి, సందర్శనకు బదులుగా వాడకండి.

కాపీరైట్ గురించి కూడా ఒక మాట. మెట్, షికాగో, క్లీవ్‌లాండ్, స్మిత్సోనియన్‌లలో ఓపెన్ యాక్సెస్ అని గుర్తు పెట్టినవాటిని స్కూల్ మ్యాగజైన్‌లోనూ, యూట్యూబ్‌లోనూ నిశ్చింతగా వేసుకోవచ్చు. బ్రిటిష్ మ్యూజియంవి డబ్బు సంపాదించని పనులకే, పేరు చెప్పి వాడాలి. మన దేశ చట్టంలో చిత్రకారుడు పోయాక 60 ఏళ్లు హక్కులుంటాయి. రాజమండ్రి దామెర్ల రామారావు 1925లోనే పోయారు కాబట్టి ఆయన చిత్రాలకు ఆ అడ్డు లేదు, ఎం.ఎఫ్. హుస్సేన్ చిత్రాలకు ఉంది. తరగతిలో బోధన కోసం చూపించడానికి చట్టంలో 52వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. దాన్ని రికార్డు చేసి ఇంటర్నెట్‌లో పెట్టడం వేరే సంగతి, అక్కడ లైసెన్సు చూసుకోవాలి.

ప్రింటు తీసి జట్లకు పంచాలనుకుంటే ఏ4కు కనీసం 1,650 పిక్సెళ్ల వెడల్పున్న ఫైలు తీసుకోండి. 843 పిక్సెళ్లది ఏ4 నిండా వేస్తే అంగుళానికి వంద చుక్కలే పడి ముఖాలు మసకబారతాయి. చూపు తక్కువున్న పిల్లలుంటే అదే ఫైలును ఒక ఫోన్‌లో వేసి చేతికివ్వండి, వేళ్లతో పెద్దది చేసుకుని చూస్తారు. అసలు చూపులేని పిల్లలకు పక్కనున్న విద్యార్థి చెప్పాలి: ముందు సైజు, దేనితో చేశారో, తర్వాత మధ్యలో ఏముంది, ఆ తర్వాత అంచులు. ఈ వరసలో చెప్పడం అలవాటైతే చెప్పే పిల్లాడి చూపు కూడా పదునెక్కుతుంది.

చివరిగా, మ్యూజియం ఉపాధ్యాయులు వీడియో కాల్‌లో స్వయంగా తీసుకునే తరగతులు. ఇవి కొన్ని మ్యూజియాలు ఉచితంగా, కొన్ని రుసుముతో ఇస్తాయి. మనకు అడ్డొచ్చేది గడియారం. న్యూయార్క్‌లో ఉదయం 9 అంటే చలికాలంలో మనకు రాత్రి 7.30, అంటే స్కూలు వేళకు కుదరదు. లండన్ ఉదయం 10 గంటలు వేసవిలో మనకు మధ్యాహ్నం 2.30, చలికాలంలో 3.30. చివరి పీరియడ్‌కు సరిపోతుంది. మెయిల్ రాసేటప్పుడు తరగతి, పిల్లల సంఖ్య, ఏ వస్తువులు కావాలో నమోదు సంఖ్యలతో, మీరు పక్కనుండి తెలుగులో చెబుతారని, నెట్ ఆగిపోతే ఫోన్ హాట్‌స్పాట్‌కు మారతామని ముందే రాయండి. మన భారత మ్యూజియాల విద్యావిభాగాలకు కూడా ఇలాగే రాయండి, అక్కడ సమయం సమస్యే లేదు. సెషన్‌కు ముందురోజు అదే గదిలో, అదే ప్యానెల్ మీద, అదే వేళకు ఐదు నిమిషాల ట్రయల్ కాల్ చేయండి. ఎక్కువసార్లు చెడిపోయేది బొమ్మ కాదు, మైకు. ప్యానెల్ మైకు ముందు బెంచీ దాటి వినదు. ఒక ఫోన్‌ను అదే కాల్‌లో చేర్చి పిల్లల మధ్య తిప్పండి, ప్యానెల్ మైకు మ్యూట్‌లో ఉంచండి, ఆ ఫోన్ స్పీకర్ కట్టేయండి. లేకపోతే గది నిండా ప్రతిధ్వనే.